భయానికి లెక్క ఉంది: సైనిక మనస్తత్వశాస్త్రం, కోలారు నేల

(గని కార్మికుల, సైనికుల స్మారక ఉపన్యాసం, రాబర్ట్‌సన్‌పేట)



ఈ ఉపన్యాసం ఇద్దరి స్మృతికి. ఒకరు షాఫ్టులో దిగి మళ్లీ పైకి రాని గని కార్మికుడు. మరొకరు సెలవు ముగిసి బంగారుపేటలో రైలెక్కి మళ్లీ ఊరు చూడని సిపాయి. వాళ్లిద్దరికీ నివాళిగా నేను ఎంచుకున్న విషయం సైనిక మనస్తత్వశాస్త్ర చరిత్ర. ప్రమాదం ఉన్నచోట నెలల తరబడి కాపలా కాసే మనిషి మనసుకు ఏమవుతుంది? ఆ సంగతిని సైన్యాలు ఎప్పుడు గుర్తించాయి, ఎలా కొలిచాయి, ఎక్కడ తప్పాయి? ఆ చరిత్రలో మన కోలారుకు, మన తెలుగువారికి ఉన్న చోటు ఏది?

నేను చెప్పదలచింది ముందే చెబుతాను. మనిషి ప్రమాదాన్ని ఎంతవరకు ఓర్చుకోగలడన్నది ముఖ్యంగా అతన్ని ఎంత ప్రమాదంలో, ఎన్నాళ్లు, ఎవరి తోడుతో, ఎంత విశ్రాంతి ఇచ్చి ఉంచామన్నదాన్ని బట్టి ఉంటుంది. భయానికి ఒక మోతాదు ఉంది. ఆ మోతాదు దాటితే ఎంతటి ధైర్యవంతుడైనా కుంగిపోతాడు. ఈ చిన్న నిజం ఒప్పుకోవడానికి ప్రపంచ సైన్యాలకు రెండు మహాయుద్ధాలు పట్టింది. మన గనులు ఊపిరితిత్తుల విషయంలో ఒప్పుకున్నాయి. మనసు విషయంలో ఒప్పుకోకుండానే మూతపడ్డాయి.

దండు మనసు, సిపాయి మనసు

కోలారు జిల్లాకు సైన్యంతో చుట్టరికం పాతది. హైదరలీ పుట్టింది మన బంగారుపేట తాలూకాలోని బూదికోటలో. ఆయన తండ్రి సమాధి కోలారు పట్నంలో ఉంది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో హైదరలీ చనిపోయినప్పుడు టిప్పు మలబారు తీరంలో ఉన్నాడు. రాజు పోయాడని తెలిస్తే దండు చెల్లాచెదురవుతుందని మంత్రులు భయపడ్డారు. పూర్ణయ్య, కృష్ణారావులు మరణవార్తను దాచిపెట్టారు. దేహాన్ని పెట్టెలో పెట్టి, కాపలాతో కోలారుకు పంపారు. టిప్పు వచ్చి దండు పగ్గాలు పట్టేదాకా ఆ గుట్టు కాపాడారు. కొన్నాళ్ల తర్వాత దేహాన్ని కోలారు నుంచి శ్రీరంగపట్నం తరలించారు.

ఇందులో మనకు కావలసిన పాఠం ఒకటుంది. దండుకు మనసు ఉంటుందని, అది ఒక్క వార్తతో నిలబడుతుందని, ఒక్క వార్తతో కూలుతుందని పాలకులకు ఎప్పుడూ తెలుసు. ఆ దండులోని ఒక్కొక్క సిపాయి మనసు ఎలా ఉందో ఎవరూ అడగలేదు. రాత్రి నిద్ర పడుతోందా, చేతులు వణుకుతున్నాయా, ఇల్లు గుర్తొస్తోందా అన్న ప్రశ్న సైన్యం పుస్తకాలకు ఎక్కలేదు. ఆ ప్రశ్న ఎక్కించడమే సైనిక మనస్తత్వశాస్త్రం చేసిన పని.

అమెరికా అంతర్యుద్ధం తర్వాత, 1871లో, జేకబ్ డా కోస్టా అనే వైద్యుడు మూడు వందల మందికి పైగా సైనికుల గుండెదడ గురించి రాశాడు. ఆయాసం, ఛాతీలో నొప్పి, నిద్రలేమి. గుండెలో మాత్రం చెప్పుకోదగ్గ జబ్బు కనబడలేదు. అంతకు అయిదేళ్ల ముందే, 1866లో, లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్సెన్ రైలు ప్రమాదాల్లో బయటికి దెబ్బ కనిపించకుండానే మంచం పట్టినవాళ్ల గురించి పుస్తకం రాశాడు. కనబడని గాయం గురించి చర్చ యుద్ధభూమి మీదే కాక రైలు పట్టాల మీద కూడా మొదలైంది. యంత్రాలు, పేలుళ్లు, లోతులు మనిషి జీవితంలోకి వచ్చాక పుట్టిన బాధ ఇది. అందుకే దీని చరిత్ర చెప్పేటప్పుడు గనిని, సైన్యాన్ని పక్కపక్కన పెట్టి చూడాలంటాను.

ధైర్యానికి కులం అంటగట్టిన రోజులు

మనిషి మనసును చూడడం రాని కాలంలో సైన్యం పుట్టుకను చూసింది. పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటిష్ ఇండియా సైన్యంలో వేళ్లూనిన, కొన్ని జాతులే పోరాటానికి పనికొస్తాయన్న యుద్ధజాతుల సిద్ధాంతం తెలుగువాళ్లకు నేరుగా తగిలింది. ఫ్రెడరిక్ రాబర్ట్స్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతి. దక్షిణాది సిపాయిలో పోరాడే గుణం సన్నగిల్లిందని ఆయన తీర్పు. ఆ తర్వాత ఆయన మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. పదాతిదళాల్లో మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి, లేదా ఉత్తరాది వారితో నిండాయి. కర్ణాటక యుద్ధాల నుంచి బర్మా దాకా కుంఫిణీ గెలుపుల్లో నడిచిన తెలుగు సిపాయి ఒక తరంలోనే పోరాటానికి పనికిరానివాడైపోయాడు.

ఏ పరీక్ష చేసి ఈ మాట అన్నారు? ఏ లెక్క చూశారు? ఏమీ లేదు. దశాబ్దాల పాటు యుద్ధం లేని కంటోన్మెంట్లలో ఉంచిన పటాలాన్ని చూసి, ఆ స్తబ్ధతను రక్తంలో ఉన్న లోపంగా రాసుకున్నారు. పరిస్థితి చేసిన పనిని మనిషి నెత్తిన వేయడం సైనిక మనస్తత్వ చరిత్రలో మళ్లీ మళ్లీ జరిగిన అన్యాయం. మన మీద జరిగింది దాని తొలి రూపాల్లో ఒకటి.

జవాబు కూడా చరిత్రే చెప్పింది. బెంగళూరులోని సైనిక ఇంజనీర్ల దళం మద్రాసు సాపర్లను రద్దు చేసే ధైర్యం ఎవరికీ రాలేదు, వాళ్ల పని అంత అవసరం. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని జోధ్‌పూర్ రౌతులతో కలిసి పట్టుకున్నవాళ్లలో మన మైసూరు సంస్థానం లాన్సర్లు ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో మనుషులు కావలసి వచ్చేసరికి మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. దక్షిణాది యువకులు లక్షల సంఖ్యలో చేరారు. అర్ధశతాబ్దం ముందు లేదన్న గుణం అవసరం పడగానే ఎక్కడినుంచి వచ్చింది? అది ఎప్పుడూ ఉంది. అవకాశమే లేదు.

వెయ్యి గాయాల లెక్క

మొదటి ప్రపంచయుద్ధం ఈ శాస్త్రానికి పురిటిగడ్డ. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే మనస్తత్వవేత్త లాన్సెట్ పత్రికలో ముగ్గురు సైనికుల గురించి రాశాడు. ఫిరంగి గుండ్లు పక్కనే పేలాక చూపు, రుచి, వాసన, జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్లు. ‘షెల్ షాక్’ అన్న పేరుకు వైద్యపత్రికలో చోటు దొరికింది అక్కడే. రెండేళ్లు తిరిగేసరికి ఆ పేరు రాసుకుని వెనక్కి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారని, ముందు వరసలో ఆ పేరు వాడొద్దని 1917లో బ్రిటిష్ సైన్యం ఉత్తర్వు ఇచ్చింది. బాధ ఆగలేదు. చిట్టా మీద పేరు మారింది, అంతే.

చికిత్సలో తారతమ్యం చూడండి. ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో ఆఫీసర్లకు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ ఎదురుగా కూర్చుని, చూసిన ఘోరాన్ని మాటల్లో పెట్టనిచ్చాడు. లండన్‌లో మాట పోయిన మామూలు సిపాయికి లూయిస్ యెలాండ్ గొంతు దగ్గర కరెంటు పెట్టాడు. పారిపోయారని, పిరికితనం చూపారని బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన తన మనుషుల్లో 306 మందికి 2006లో క్షమాభిక్ష దక్కింది. అందులో ఎందరు జబ్బు మనుషులో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

ఇదే యుద్ధంలో మన సిపాయిల మీద ఒక నింద పడింది. 1914 చలికాలంలో ఫ్రాన్స్‌కు చేరిన భారతీయ సిపాయిలలో చేతికి గాయాలైనవాళ్లు ఎక్కువగా కనబడ్డారు. ఇంటికి పోవడానికి తమ చేయి తామే కాల్చుకుంటున్నారన్న మాట పుట్టింది. అప్పుడు ఇంగ్లండులోని బ్రైటన్‌లో, భారతీయుల కోసం నడిపిన కిచెనర్ ఆసుపత్రి అధికారి కర్నల్ బ్రూస్ సెటన్ కూర్చుని వెయ్యి గాయాలను ఒక్కొక్కటిగా విశ్లేషించాడు. ఏ చెయ్యి, ఏ వైపు నుంచి, ఎలాంటి గుండు, ఏ స్థితిలో తగిలింది. ఆ నిందకు ఆధారం లేదని తేల్చాడు. కందకంలో పడుకుని తుపాకి పేల్చేవాడికి శరీరంలో ముందు బయటపడేది తలా, చేతులే కదా!

ఈ ఘటన నాకు ఎంతో విలువైనది. అనుమానం జాతిని చూసి పుట్టింది. న్యాయం లెక్క చూసి దొరికింది. సైనికుడి మనసు గురించి మాట్లాడేవాడికి ఉండవలసిన మొదటి గుణం ఇదే. తీర్పు చెప్పే ముందు కొలవాలి.

అప్పుడే మన వాళ్ల మనసు మీద మరో కన్ను కూడా పడింది. ఫ్రాన్స్‌లో ఉన్న భారతీయ సిపాయిల ఉత్తరాలను ఇ.బి. హోవెల్ అనే అధికారి నాయకత్వంలో సెన్సారు చదివి, సారాంశాలు పైకి పంపేది. చలి, చావు, ఇంటి బెంగ, తిరిగి వస్తామో లేదోనన్న నిరాశ, వీటన్నిటి ఆనవాళ్లు ఆ కాగితాల్లో ఉన్నాయి. సైనికుల మనఃస్థితిని క్రమంగా వారం వారం గమనించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అది వాళ్ల బాధ తీర్చడానికి చేసింది కాదు, విధేయత కనిపెట్టడానికి చేసింది. ఈ రెండు ఉద్దేశాల మధ్య పెనుగులాట ఈ శాస్త్రాన్ని ఇప్పటికీ వదల్లేదు. సైనికుడి మనసు తెలుసుకోవడం సైన్యం కోసమా, సైనికుడి కోసమా?

అమెరికా వైద్యుడు థామస్ సాల్మన్ 1917లో ఐరోపాకు వెళ్లి బ్రిటిష్, ఫ్రెంచి అనుభవాన్ని చదివి, సూత్రం ఒకటి స్థిరపరిచాడు. కుంగిన సైనికుణ్ణి దూరపు ఆసుపత్రికి పంపొద్దు. తన దళానికి దగ్గరలోనే, ఆలస్యం లేకుండా, కోలుకుంటావన్న నమ్మకం ఇస్తూ చూడాలి. దగ్గరితనం, వెంటనే పట్టించుకోవడం, నమ్మకం. వందేళ్లు దాటినా ఈ మూడింటిని సైన్యాలు పూర్తిగా పక్కన పెట్టలేదు.

కోలారు ఎయిర్‌ఫీల్డ్

రెండో యుద్ధంలో ఈ కథ మన ఊరి నేలకే వచ్చింది. కోలారులో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌ఫీల్డ్ ఉండేది. నాలుగు ఇంజన్ల లిబరేటర్ బాంబర్లు నడపడం అక్కడ నేర్పేవాళ్లు. 1944 నవంబరు 8న అక్కడే 358వ స్క్వాడ్రన్ పుట్టింది. కొద్దివారాల్లో బెంగాలు తరలి, అక్కడి నుంచి శత్రువు ఆక్రమణలో ఉన్న ఆగ్నేయాసియా లోపలికి మనుషుల్ని, సరుకుల్ని పారాచూట్లతో దింపింది. కొండలు, రుతుపవనపు మబ్బులు, చీకటి, గంటల తరబడి తిరుగు దారి. దిగవలసి వస్తే కింద అడవి, లేదా జపాను సైన్యం.

ఇటువంటి మనుషుల విషయంలో ఎయిర్‌ఫోర్స్ రెండు నాలుకలతో మాట్లాడింది. 1940లో పెట్టిన ఉత్తర్వు ప్రకారం వైద్యకారణం లేకుండా విమానం ఎక్కనన్నవాడి మీద నైతిక స్థైర్యం లేనివాడన్న ముద్ర పడేది. హోదా, రెక్కల బ్యాడ్జి పోయేవి. మరోవైపు అదే ఎయిర్‌ఫోర్స్‌లో నరాల వైద్యులు చార్లెస్ సైమండ్స్, డెనిస్ విలియమ్స్ వేలాది ఎగిరే సిబ్బంది రికార్డులు చదివారు. మానసికంగా దెబ్బతినేవారి సంఖ్య వాళ్లు చేసే పనిలోని ప్రమాదంతో పాటే పెరుగుతోందని చూపారు. ఒకే మనిషి పిరికి అయినా కావాలి, భారం మోసి అలసినవాడైనా కావాలి. అంకెలు రెండో మాట వైపు నిలిచాయి.

1945లో లార్డ్ మోరన్ ‘ది అనాటమీ ఆఫ్ కరేజ్’ అనే పుస్తకంలో ధైర్యాన్ని బ్యాంకులోని డబ్బుతో పోల్చాడు. ఎవరి దగ్గరా అది తరగని నిధి కాదు, వాడినకొద్దీ ఖర్చవుతుంది. ఆయన చర్చిల్‌కు వైద్యుడు, మొదటి యుద్ధం కందకాల్లో పనిచేసినవాడు. మరుసటి ఏడాది అమెరికా సైన్యపు మనోవైద్యుడు జాన్ అపెల్, గణాంకవేత్త గిల్బర్ట్ బీబే అంకె కూడా చెప్పారు. పదాతిదళ సైనికుడు 200 నుంచి 240 రోజుల పోరు చూశాక ఇక పనికిరాని స్థితికి చేరతాడు. యుద్ధానికి అలవాటు పడడం అన్నది లేదు. బాంబర్ కమాండ్‌లో ముప్పై దాడులకు ఒక విడత అని నిర్ణయించడం వెనక ఉన్న అవగాహన కూడా ఇదే. హద్దు కనబడితే మనిషి నిలబడతాడు. ఎప్పటికి అయిపోతుందో తెలియని కాపలా అతణ్ణి లోపలినుంచి తినేస్తుంది.

యుద్ధజాతుల మాట అక్కడ నేలకూలింది. ప్రశ్న ‘ఎవడు పిరికివాడు’ నుంచి ‘ఎవణ్ణి ఎంతకాలం ఉంచాం’ దగ్గరికి వచ్చింది.

కెజిఎఫ్ (కోలారు గోల్డ్ ఫీల్డ్స్): దుమ్ముకు లెక్క కట్టిన చోటు

ఇప్పుడు మన గనులకు వద్దాం. ఈ బంగారు క్షేత్రం చరిత్ర మొదట్లోనే సైనికులు ఉన్నారు. 1802లో ఇక్కడి రైతులు మన్ను కడిగి బంగారం తీయడం చూసి రాసినవాడు లెఫ్టినెంట్ జాన్ వారెన్. 1870లలో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకపు హక్కు పొందిన మైకేల్ లావెల్ న్యూజీలాండ్‌లో మావోరీల మీద యుద్ధం చేసి వచ్చిన ఐరిష్ సైనికుడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చింది. మైసూరు మైన్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు నేల లోపలికి నడిచాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుంచి తెలుగు, తమిళ కుటుంబాలు వచ్చి లైన్ల ఇళ్లలో సంసారం పెట్టాయి. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ రాయి చేత్తో తాకలేనంత వేడి.

ఆ లోతులో అసలు శత్రువు రాక్‌బరస్ట్. పైనున్న కొండంత బరువును ఓర్చుకోలేని రాయి ఒక్కసారిగా పగిలి లోపలికి విరుచుకుపడుతుంది. ఎప్పుడు వస్తుందో, ఏ గోడ నుంచి వస్తుందో ముందుగా చెప్పలేం. పెద్దది వస్తే పైన ఊరు అదిరేది. అదిరిన క్షణాన లైన్లలో ఆడవాళ్లు ఏ షిఫ్టులో ఎవరు దిగారో లెక్కపెట్టుకునేవాళ్లు. యుద్ధరంగంలో సైనికుడు ఎదుర్కొనే పరిస్థితి లక్షణాలు మూడు: కనబడని ప్రమాదం, తప్పించుకోలేని ఇరుకు, పక్కవాడి చావు కళ్లారా చూడడం. మూడూ ఇక్కడ ఉన్నాయి. తేడా ఒక్కటే. సైనికుడికి ఒక విడత ఉంటుంది, యుద్ధం ఆగుతుంది. గని కార్మికుడు ఉద్యోగకాలమంతా మర్నాటి షిఫ్టుకు లోపలికి దింపే కేజ్ మళ్లీ ఎక్కాలి.

ఇక్కడ ఏమేమి కొలిచారో చూడండి. రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌కు నష్టపరిహారం ఇచ్చే నియమాలు మైసూరు సంస్థానం 1940లోనే చేసింది. 1940 నుంచి 1946 దాకా గని వైద్యులు కాప్లన్, బర్డన్ 7,653 మంది కార్మికుల ఊపిరితిత్తులు పరీక్షించారు. నూటికి దాదాపు నలభై నలుగురిలో సిలికోసిస్ కనబడింది. మన దేశంలో ఆ జబ్బు మీద అంత పెద్ద సర్వే అదే మొదటిది. రాయి పగిలే ముందు వినిపించే సూచనలు పట్టుకోవడానికి 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం సాయంతో భూకంప సూచక వ్యవస్థ పెట్టారు. 1988లో జాతీయ శిలాయాంత్రిక సంస్థ ఇక్కడే వెలిసింది.

దుమ్ము కొలిచారు. వేడి కొలిచారు. రాయిలోని ఒత్తిడి కొలిచారు. బంగారం సరేసరి, చిన్నమెత్తు కూడా కొలిచారు. రాక్‌బరస్ట్ నుంచి బతికి బయటపడి మర్నాడు కేజ్ ముందు నిలబడి వణికిన మనిషి మనసు మాత్రం ఏ రిజిస్టరులోనూ రాసుకోలేదు. దుమ్ముకు మోతాదు ఉందని, అది సంవత్సరాల లెక్కన పేరుకుంటుందని, పరిహారం హక్కు అని ఈ నేల మీద ఒప్పుకున్నారు. అదే న్యాయం భయానికి వర్తింపజేయలేదు. వర్తింపజేయకపోవడంతో ఆ బాధకు వేరే పేర్లు పడ్డాయి. తాగుడన్నారు, కోపిష్టి అన్నారు, పనిదొంగ అన్నారు. ఒకనాడు తెలుగు సిపాయికి పడిన ముద్రకూ, విమానం ఎక్కలేనన్న యువకుడికి పడిన ముద్రకూ వీటికీ రక్తసంబంధం ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు ఆ లెక్క తేలకుండానే మిగిలిపోయింది.

ఎంచడం నేర్చారు, చూసుకోవడం నేర్చుకోవాలి

సైనిక మనస్తత్వశాస్త్రం మన దేశంలో స్థిరపడింది ఎంపిక దారిలో. 1917లో అమెరికాలో రాబర్ట్ యెర్క్స్ బృందం సైనికుల బుద్ధిని కొలవడానికి రెండు పరీక్షలు చేసింది. ఒకటి ఇంగ్లీషు చదవగలవాళ్లకు, రెండోది చదవలేనివాళ్లకు బొమ్మలతో. దాదాపు పదిహేడు లక్షల మందిని పరీక్షించారు. బడి, భాష, పరిసరాలు చేసే తేడాను పుట్టుబుద్ధి తేడాగా చదివిన తప్పు ఆ ఫలితాల్లో ఉంది. నాలుగు భాషలు నోట్లో నానే కోలారు మనిషికి ఆ హెచ్చరిక బాగా అర్థమవుతుంది.

మన దగ్గర 1943లో డెహ్రాడూన్‌లో ఆఫీసర్ల ఎంపికకు ప్రయోగాత్మక బోర్డు పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత 1949లో మనస్తత్వ పరిశోధన విభాగం ఏర్పడింది. 1962లో డైరెక్టరేటుగా పెరిగి, 1982లో డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకలాజికల్ రీసెర్చ్ అయింది. ఈ జిల్లా పిల్లలు బెంగళూరు సెలక్షన్ సెంటరుకు వెళ్లి పదిహేను సెకన్లకొక మాట చొప్పున అరవై మాటలకు వాక్యాలు రాసేది, అస్పష్టమైన బొమ్మ చూసి కథ అల్లేది, నాయకుడు లేని గుంపుగా అడ్డంకి దాటేది ఆ పరంపరలోనిదే. మంచి పద్ధతి. అయితే అపెల్, బీబే చెప్పింది మరిచిపోవద్దు. ఎంత బాగా ఎంచినా హద్దు దాటితే అందరూ అలుస్తారు. జల్లెడ పట్టడంతో పని తీరదు.

మన సైన్యం మోతాదు సూత్రాన్ని కొన్నిచోట్ల ఆచరిస్తూనే ఉంది. సియాచిన్ ఎత్తైన పోస్టుల్లో మనిషిని సుమారు మూడు నెలలు మించి ఉంచరు. ఫీల్డ్ పోస్టింగ్ తర్వాత పీస్ పోస్టింగ్ ఇస్తారు. అయినా కష్టం తీరలేదు. సైనికుల ఆత్మహత్యల కారణాలను పార్లమెంటులో రక్షణశాఖ చెప్పినప్పుడల్లా కాపలా ఒత్తిడితో పాటు ఇంటి గొడవలు, దాంపత్య కలహాలు, అప్పులు వినిపిస్తాయి. మన సిపాయిని రెండు ప్రమాదాలు ఒకేసారి పట్టి లాగుతాయి. ఎదురుగా సరిహద్దు, జేబులోని ఫోనులో ఊరి గట్టు తగాదా. అతని భూమి సమస్యకు తహసీల్దారు ఆఫీసులో వెంటనే జవాబు దొరికితే అది మనోవైద్యమే.

తిరిగి వచ్చాక ఏమవుతుందన్న ప్రశ్న వియత్నాం తర్వాత గట్టిగా లేచింది. అక్కడికి అమెరికా సైనికుణ్ణి ఒక్కొక్కణ్ణిగా పన్నెండు నెలలకు పంపి, ఒక్కొక్కణ్ణిగా వెనక్కి తెచ్చారు. హద్దు ఉంది, తోడు లేదు. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ పుస్తకంలో పీటీఎస్‌డీకి, అంటే ఘోరానుభవం తర్వాత మిగిలే మానసిక ఒత్తిడి జబ్బుకు, చోటు దక్కింది. 2004లో చార్లెస్ హోగ్ బృందం ఇరాక్ నుంచి వచ్చిన సైనికుల్లో దాదాపు ఆరో వంతు మందిలో కుంగుబాటు, ఆందోళన, పీటీఎస్‌డీ లక్షణాలు చూసింది. సాయం అవసరమైనవాళ్లలో నూటికి 23 నుంచి 40 మందే వైద్యుడి దగ్గరికి వెళ్లారు. మిగిలినవాళ్లను ఆపింది ప్రధానంగా పరువు. బలహీనుడంటారన్న భయం. యుద్ధం గెలిచే మనిషి ఆ ముద్రకు జంకుతున్నాడు. ఆ ముద్ర వేసే చేతులు మనవే గనుక తీసేయడం కూడా మన పనే.

ఇక్కడ మన దేశం ప్రపంచానికి చెప్పగల మాట ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను అక్కడే ఉంచాడు. మనకు పక్కనే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో ఇంటివాళ్లు ఉండి తీరాలన్న పద్ధతి వచ్చింది. సాల్మన్ చెప్పిన దగ్గరితనం దళానికి దగ్గరితనం. మనవాళ్లు దాన్ని ఇంటికి దగ్గరితనం చేశారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 1980లలో బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు తర్ఫీదు ఇచ్చి మనోవైద్యాన్ని పల్లెకు తెచ్చింది. దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోను సేవ, నంబరు 14416, తెలుగులోనూ కన్నడంలోనూ తమిళంలోనూ పలుకుతుంది. సాయుధ దళాల కోసం 2023 డిసెంబరులో పుణేలో ప్రత్యేక విభాగం తెరిచారు.

మనం చేయవలసింది

స్మారక ఉపన్యాసం చప్పట్లతో ముగిస్తే స్మరించినవాళ్లకు ఒరిగేదేమీ లేదు. మూడు పనులు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, మాటలు సేకరించాలి. చాంపియన్ రీఫ్, మారికుప్పం, ఊరిగాం లైన్లలో గని దిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. రాక్‌బరస్ట్ తర్వాత నిద్ర ఎలా పట్టింది, మళ్లీ దిగడానికి ఏది నిలబెట్టింది, ఎవరు తోడున్నారు అని వాళ్లను వాళ్ల తెలుగులో, వాళ్ల తమిళంలో అడిగి రికార్డు చేయాలి. గనులు వదిలిపెట్టిన లెక్క అది. కళాశాలల మనస్తత్వశాస్త్ర, చరిత్ర విభాగాలు చేతులు కలిపితే ఈ పని మన చేతుల్లోనే ఉంది. ఆ వయసు మనుషులు మన సౌకర్యం కోసం ఆగరు.

రెండోది, ఇంటిని సిద్ధం చేయాలి. సరిహద్దు నుంచి వచ్చిన కొడుకు అర్ధరాత్రి లేచి తిరుగుతుంటే, చిన్న చప్పుడుకు ఉలికిపడుతుంటే, మాట తగ్గిస్తే, గ్లాసు పెంచితే, అది అహంకారం కాదని, గాలి సోకడం కాదని తల్లికి, భార్యకు ముందే తెలియాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, తాలూకా ఆసుపత్రి, ఆశా కార్యకర్తలు కలిసి ములబాగిలు, శ్రీనివాసపురం, మాలూరు పల్లెల్లో ఈ మాట చెప్పాలి. పింఛను కాగితాలు చూసే బల్ల దగ్గరే ‘నిద్ర పడుతోందా అన్నా?’ అని అడిగే మనిషి ఒకరుండాలి.

మూడోది, పని ప్రమాదంగా ఉన్న ప్రతిచోటా మోతాదు నియమం అడగాలి. గనులు మూసుకున్నాక ఈ ఊరి యువకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోతున్నారు. కట్టడాల మీద, రాత్రి కాపలాల్లో, అంబులెన్సుల్లో పనిచేస్తున్నారు. కొందరు పోలీసుల్లో, అర్ధసైనిక దళాల్లో ఉన్నారు. ఎన్ని గంటలు, ఎన్ని వరస రాత్రులు, ప్రమాదం చూసినవాడికి ఎన్నాళ్ల విశ్రాంతి అన్నది కార్మిక సంఘాలు వేతనంతో పాటు బేరమాడవలసిన విషయం. ఊపిరితిత్తుల కోసం ఈ ఊరు ఒకనాడు చట్టం సాధించింది. మనసు కోసం సాధించలేదనుకుని ఆగిపోవద్దు, సాధించలేమనుకోవడానికి కారణం లేదు.

ధైర్యం ఎవరికీ తరగని ఆస్తి కాదని ఒప్పుకోవడం వీరుణ్ణి తక్కువ చేయడం కాదు. అతను ఎంత ఖర్చుపెట్టాడో తెలుసుకుని, ఆ ఖర్చు తిరిగి కట్టవలసిన బాధ్యత పంపినవారి మీద ఉందని చెప్పడం. గనిలోకి పంపింది కంపెనీ, ఆ తర్వాత ప్రభుత్వం. సరిహద్దుకు పంపింది దేశం. దేశమంటే ఈ సభలో కూర్చున్న మనమే. ఆ గని కార్మికుడికీ, ఆ సిపాయికీ మనం బాకీ ఉన్నాం. ఆ బాకీకి పద్దు తెరిచే పని ఈ ఊరి నుంచే మొదలుకావాలి.